కనిపించినదే కారణమా?
లోహ నానోకణములపై ఉత్ప్రేరణము: వర్ణపట సాక్ష్యమునకు ఒక పరీక్ష

1823లో జర్మనీ దేశపు యేనా నగరములో డోబరైనర్ అను రసాయన శాస్త్రజ్ఞుడు స్పంజివలె గుల్లగా నున్న ప్లాటినముపైకి ఉదజని వాయువును సన్నని ధారగా వదలినాడు. అగ్గి తగిలించకుండగనే మంట లేచినది. ఉదజని గాలిలోని ఆమ్లజనితో కలిసి నీరైనది. ప్లాటినము మాత్రము ఇసుమంతయు తరుగలేదు. ఇట్టి వింత ప్రభావమునకు 1835లో స్వీడను శాస్త్రజ్ఞుడు బెర్జీలియస్ ‘కెటాలిసిస్’ అని పేరు పెట్టినాడు. తెలుగులో దానినే ఉత్ప్రేరణము అంటున్నాము. పేరు దొరికినది కాని విషయము తెలియలేదు. ఆ క్షణమున ప్లాటినముపై ఏమి జరుగుచున్నదో చూచినవారు లేరు.

నేటి పాఠ్యగ్రంథములలో దీనికొక చక్కని బొమ్మ ఉండును. అణువులు వచ్చి లోహముపై వాలును. వాటి బంధములు సడలును. కొత్త బంధములు ఏర్పడును. పుట్టిన కొత్త అణువు ఎగిరిపోవును. బొమ్మ తప్పు కాదు. అయితే, ప్రతి మెట్టును ఎవరో కళ్ళారా చూచి గీసినట్లు విద్యార్థికి తోచును. “వర్ణపటములో ఫలానా చోట గీత కనిపించినది, కనుక ఫలానా పదార్థము ద్వారానే చర్య జరుగుచున్నది” అను వాక్యము పరిశోధన పత్రములలోను, పాఠములలోను తరచు వినవచ్చును. ఈ వాక్యములోని ‘కనుక’ అను మాట ఎంతవరకు నిలుచునో పరీక్షింపవలసి ఉన్నది.

ఇది మాటల తగవు కాదు. ఎరువులకు వలసిన అమ్మోనియా తయారీ, ముడి చమురు శుద్ధి, మోటారు వాహనముల పొగలోని విషవాయువుల నిర్మూలన, ఇవన్నియు లోహ ఉత్ప్రేరకములపై ఆధారపడినవే. ఏ పదార్థము పని చేయుచున్నదో పొరబడిన శాస్త్రజ్ఞుడు పని చేయనిదానిని పెంచుటకు ఏండ్ల తరబడి శ్రమపడును. తప్పు మెట్టును వేగిరపరచినందువలన చర్య వేగిరపడదు.

ఉపరితలమునకే పెద్దపీట

ఒక గ్రాము ప్లాటినమును ఘనముగా పోతపోసినచో దాని భుజము సుమారు మూడున్నర మిల్లీమీటర్లు ఉండును. ఆరు ముఖముల వైశాల్యము మొత్తము ఒక చదరపు సెంటీమీటరుకైనను చేరదు. ఆ గ్రామునే 3 నానోమీటర్ల వ్యాసము గల కణములుగా చేసినచో మొత్తము ఉపరితలము సుమారు 90 చదరపు మీటర్లు అగును. నానోమీటరు అనగా మీటరులో నూరు కోట్లవ వంతు. ప్లాటినము సాంద్రత ఘన సెంటీమీటరుకు 21.45 గ్రాములని తెలిసిన విద్యార్థి ఈ లెక్కను తానే సరిచూచుకొనవచ్చును.

పరమాణువుల లెక్కలో చూచినచో సంగతి ఇంకను స్పష్టమగును. ఒక పరమాణువు చుట్టూ పొరలు పొరలుగా ఇతర పరమాణువులను క్రమముగా పేర్చినచో మొదట 13, తరువాత 55, 147, 309 పరమాణువుల గుంపులు ఏర్పడును. వీటిలో పైపొరకు చెందినవి వరుసగా 12, 42, 92, 162. అనగా 309 పరమాణువులు గల కణములో సగమునకు మించి ఉపరితలముపైననే ఉన్నవి. అట్టి ప్లాటినము కణము అడ్డుకొలత సుమారు రెండున్నర నానోమీటర్లు.

ఈ పైపొరలోని పరమాణువులన్నియు ఒక్క తీరున ఉండవు. లోపలి పరమాణువు చుట్టూ 12 పొరుగు పరమాణువులు ఉండగా, చదునైన ముఖము మీది దానికి 8 గాని 9 గాని ఉండును. అంచుమీది దానికి 7, మూలనున్న దానికి 5 మాత్రమే ఉండును. పొరుగు తక్కువైన కొలది వచ్చిన అణువును పట్టుకొను తీరు మారును. ఒక్క కణములోనే ఇన్ని రకముల స్థలములు ఉన్నవి. ఉత్ప్రేరకములో అట్టి కణములు కోటానుకోట్లు ఉండును, అవి అన్నియు ఒకే పరిమాణములో ఉండవు. వర్ణపటము వీటన్నింటి నుండి వచ్చు సమాచారమును కలిపి ఒక్క గీతగా చూపును. విమర్శకుడు మొదట గుర్తుంచుకొనవలసినది ఇదియే.

కంపనముల సాక్ష్యము

వర్ణపట పద్ధతుల గొప్పతనమును ముందుగా ఒప్పుకొనవలెను. అణువులోని పరమాణువులు తీగచుట్టతో కట్టిన బంతులవలె కదలుచుండును. ఒక్కొక్క బంధమునకు ఒక్కొక్క కంపన పౌనఃపున్యము ఉండును. దానికి సరిపడు పరారుణ కాంతిని ఆ బంధము పీల్చుకొనును. స్వేచ్ఛగా తిరుగు కార్బన్ మోనాక్సైడు అణువు 2,143 తరంగ సంఖ్య వద్ద, అనగా సెంటీమీటరు పొడవులో 2,143 తరంగములు ఇముడు కాంతిని పీల్చుకొనును. అదే అణువు ఒక్క ప్లాటినము పరమాణువుపై నిట్టనిలువుగా కూర్చుండినచో ఆ సంఖ్య తగ్గును, కాని 2,000కు పైననే ఉండును. రెండు పరమాణువుల నడుమ వంతెనవలె నిలిచినచో సాధారణముగా 1,900కు దిగువకు పడిపోవును. లోహముతో బంధము బలపడిన కొలది కర్బనము, ఆమ్లజనుల నడుమ నున్న బంధము సడలుటయే దీనికి కారణము.

1954లో అమెరికాలోని టెక్సకో చమురు సంస్థ పరిశోధనశాలలో ఐషెన్స్, ఆయన సహచరులు సిలికా పొడిపై పరచిన లోహకణములకు అంటుకొన్న కార్బన్ మోనాక్సైడు పరారుణ వర్ణపటమును పొందినారు. అంతవరకు ఊహకు మాత్రమే అందిన అధిశోషణము, అనగా ఉపరితలమునకు అణువులు అంటుకొనుట, కాగితముపై గీతగా కనిపించినది. అణువు ఉన్నదా లేదా అన్నదే కాక ఎట్లు కూర్చున్నదో కూడ తెలిసినది. ఈ శాస్త్రమునకు ఇది గట్టి పునాది. లోపము ఈ పునాదిలో లేదు. దానిపై తొందరపడి లేపిన గోడలలో ఉన్నది.

పందిరిలోని వారు, వంటశాలలోని వారు

పెండ్లి పందిరిలో రెండు వందలమంది కూర్చుని ఉందురు. వంటశాలలో నలుగురు పని చేయుచుందురు. పందిరిని మాత్రమే ఫొటో తీసిన కొత్తవాడు అందులో ఎక్కువమంది కనిపించినవారే విందు వండినారని చెప్పినచో నవ్వుదుము. వర్ణపటము విషయములో అట్టి పొరపాటు నవ్వు పుట్టించదు. అది అచ్చై పాఠమగుచున్నది.

ఇందులోని తర్కము చిన్న లెక్కతో తేలును. ఉపరితలముపై ఒక చోట సెకనుకు 10 అణువులు చర్య పొందుచున్నవనుకొందము. ఒక్కొక్క అణువు అక్కడ నిలుచు కాలము సెకనులో వెయ్యవ వంతు. అప్పుడు ఆ చోటు నిండి ఉండు కాలము సెకనులో నూరవ వంతు మాత్రమే. అనగా నూరు చోట్లలో ఏ క్షణమునకైనను ఒక్క చోటనే ఆ పదార్థము కనిపించును. ఏ పనియు లేక గంటల తరబడి అంటిపెట్టుకొని యున్న మరొక పదార్థము మిగిలిన చోట్లన్నియు ఆక్రమించి వర్ణపటములో పెద్ద గీతను వేయును. చురుకుగా పనిచేయునది ఎక్కువసేపు నిలువదు. ఎక్కువసేపు నిలిచియున్నది చురుకైనది కాకపోవుటకే అవకాశము హెచ్చు. గీత ఎత్తు ప్రాముఖ్యమునకు కొలత కాదు. పైగా కార్బన్ మోనాక్సైడు వంటి కొన్ని అణువులు కాంతిని మిక్కిలి గట్టిగా పీల్చుకొనును. కొన్ని పీల్చీ పీల్చనట్లుండును. అందువలన గీత ఎత్తు సంఖ్యకైనను నేరుగా కొలత కాదు.

ఇథిలీను చరిత్ర దీనికి చక్కని ఉదాహరణము. ఇథిలీనునకు ఉదజనిని చేర్చినచో ఈథేను ఏర్పడును. వనస్పతి తయారీలో నూనెకు ఉదజనిని చేర్చు చర్యకు ఇది చిన్న తమ్ముడు. ప్లాటినము, పల్లాడియముల ఉపరితలముపై ఈ చర్యను పరిశీలించినప్పుడు ఇథిలిడైను అను పదార్థము బాగుగా కనిపించును. దీనిలో ఒక కర్బన పరమాణువు మూడు లోహ పరమాణువులను పట్టుకొని నిలువగా, దాని నెత్తిపై మూడు ఉదజనులు గల మరొక కర్బనము ఉండును. చర్య జరుగు చోటనే ఉన్నది, నిండుగా ఉన్నది. కనుక చర్యకు ఇదియే సోపానమని అనుకొనుట సహజమే. తాటిచెట్టు కింద పాలు త్రాగినను కల్లే అందురు కదా.

1986లో బీబ్, యేట్స్ అను శాస్త్రజ్ఞులు అల్యూమినాపై పరచిన పల్లాడియము కణములను పరారుణ కాంతితో పరిశీలించుచు ఈ అనుమానమును నేరుగా పరీక్షించినారు. ఇథిలిడైను ఉన్నప్పుడు ఈథేను ఎంత వేగముగా పుట్టుచున్నదో, లేనప్పుడు ఎంత వేగముగా పుట్టుచున్నదో పోల్చి చూచినారు. వేగములో భేదము కనిపించలేదు. ఇథిలిడైను చర్యలో పాల్గొనునది కాదు, ప్రేక్షకురాలు మాత్రమే. గమనింపదగిన విషయమేమనగా, ఇంతకంటె సున్నితమైన పరికరము వచ్చి ఈ తీర్పు చెప్పలేదు. అదే పరారుణ పద్ధతి పక్కన చర్యావేగపు కొలతను ఉంచుటయే తీర్పునకు దారితీసినది.

మరి పనిచేయునది ఏది? 1996లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్లీ కేంద్రములో సోమర్జాయ్, షెన్ల బృందము మరొక పద్ధతిని వినియోగించినది. రెండు లేసరు కిరణములను ప్లాటినము ముఖముపై ఒకే చోట కలిపినచో, రెండింటి పౌనఃపున్యముల మొత్తమునకు సమానమైన పౌనఃపున్యము గల మూడవ కిరణము పుట్టును. వాయువులోని అణువులు అన్ని దిక్కులకు తిరిగి యుండుటచేత అక్కడ ఈ మూడవ కిరణము పుట్టదు. క్రమము గల ఉపరితలముననే పుట్టును. కనుక పైన వాయువు దట్టముగా ఉన్నను ఉపరితలపు మాట విడిగా వినిపించును. ఇట్లు చూడగా ఇథిలీను మూడు రూపములలో ఉన్నట్లు తెలిసినది. వేగముతో పొందిక గల రూపము ఇథిలిడైను కాదు, లోహమును రెండు బంధములతో గట్టిగా పట్టుకొన్న రూపము కూడ కాదు. తన జంట బంధమును విడువకుండ లోహముపై పలుచగా వాలిన రూపమని వారు నిర్ణయించినారు. అది ఉపరితలములో నూటికి సుమారు నాలుగు వంతులు మాత్రమే ఉన్నది. వంటవారు నలుగురే.

చూపే మార్పునకు కారణమైనప్పుడు

మొదటి దోషము చూచినదానిని అపార్థము చేసికొనుట. రెండవది అంతకంటె లోతైనది. చూచు కాంతియే చూడబడు వస్తువును మార్చివేయుట.

1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో రామన్ కనుగొన్న పరిక్షేపణ ఫలితము ఇక్కడ రంగములోనికి వచ్చును. అణువులపై పడి చెదరిన కాంతిలో అత్యల్ప భాగము, కోటి కణములలో ఏ ఒకటో రెండో, తన రంగును మార్చుకొనును. ఆ మార్పులో అణువు కంపనముల వివరము ఉండును. ఇంత బలహీనమైన సంకేతముతో ఉపరితలముపై నున్న ఒక్క పొర అణువులను చూచుట అసాధ్యమనిపించును. అయితే 1974లో ఇంగ్లండులోని సౌతాంప్టనులో ఫ్లైష్మన్, హెండ్రా, మెక్విలన్ అనువారు గరుకుచేసిన వెండిపై పిరిడీను అణువుల రామన్ గీతలను స్పష్టముగా చూచినారు. సంకేతము లక్ష రెట్లకు పైగా పెరిగినదని 1977లో ఇతరులు గుర్తించినారు. వెండి, బంగారము నానోకణములలోని ఎలక్ట్రానులు కాంతి తరంగముతో కలిసి ఊగుట వలన కణము చెంత కాంతి బలము మిక్కిలి హెచ్చును. కణమే దీపపు గాజుబుడ్డి వలె కాంతిని పోగుచేయును.

పోగైన కాంతి చూపుటతో ఊరకుండునా? పారా అమినో థయోఫినాలు అను పదార్థము ఈ రంగమున పరీక్షలకు వాడు అణువు. ఒక కొన గంధకముతో వెండిని పట్టుకొనును, రెండవ కొన అమైను సమూహముతో బయటికి తిరిగి ఉండును. వెండిపై దీని రామన్ వర్ణపటములో సుమారు 1,140, 1,390, 1,430 తరంగ సంఖ్యల వద్ద బలమైన గీతలు కనిపించినవి. విడి పదార్థపు వర్ణపటములో ఇట్టి బలమైన గీతలు లేవు. 1994లో జపాను శాస్త్రజ్ఞుడు ఒసావా, ఆయన సహచరులు దీనికి వివరణ చెప్పినారు. లోహమునకు, అణువునకు నడుమ విద్యుదావేశము మారుట వలన, సామాన్యముగా మరుగునపడి యుండు ఒక సౌష్ఠవ తరగతి కంపనములు బలపడినవని ఆ వివరణ.

ఆ వివరణ అజాగ్రత్తతో చేసినది కాదు. అణువు సౌష్ఠవమును బట్టి ఏ కంపనము రామన్ వర్ణపటమున కనిపించవలెనో లెక్కించు విద్యకు దృఢమైన గణిత ఆధారము ఉన్నది. రామన్ శిష్యుడైన సూరి భగవంతం, వేంకటరాయుడు కలిసి వ్రాసి 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయము నుండి వెలువరించిన సమూహ సిద్ధాంత గ్రంథము ఆ విద్యనే బోధించును. లెక్కలో తప్పు లేదు. అయితే లెక్క మొదలుపెట్టునప్పుడు ఒక సంగతిని ఎవరును ప్రశ్నించలేదు. వెండిపై ఉన్నది పెట్టిన అణువేనా?

పదహారేండ్ల తరువాత, 2010లో, చైనాలోని షియామెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, మరికొందరు ఆ ప్రశ్ననే వేసినారు. జవాబు ‘కాదు’ అని వచ్చినది. లేసరు కాంతి పడిన వెండిపై రెండేసి అణువులు అమైను కొనలవద్ద ఆక్సీకరణము చెంది, నత్రజని పరమాణువుల జంట బంధముతో ముడిపడి, కొత్త అజో సమ్మేళనముగా మారుచున్నవి. ఆ వింత గీతలు ఈ కొత్త పదార్థమునకు చెందినవి. మరుగునపడిన కంపనములు బలపడలేదు, అణువే మారినది. అంతకాలము పరీక్ష అణువుగా వాడినది పరీక్షకు నిలువలేదు. దానిపై ఆధారపడిన ఎన్నో పత్రముల అర్థమును తిరిగి చూడవలసి వచ్చినది.

ఈ కథలో నష్టము ఎంతో లాభమును అంత ఉన్నది. దోషమని తేలినది కొత్త విద్యకు ద్వారము తెరచినది. వెండి, బంగారము కణములు కాంతి సాయముతో రసాయన చర్యలను నడపగలవని దీనివలన దృఢపడినది. 2012లో నెదర్లాండ్సులోని యుట్రెక్ట్ శాస్త్రజ్ఞులు, యేనా శాస్త్రజ్ఞులు కలిసి చేసిన ప్రయోగము ఈ అనుభవము నుండి నేర్చిన పాఠమును చక్కగా చూపినది. వెండిపూత గల సూదిమొనను అణువుల పొర దగ్గరకు తెచ్చి, పారా నైట్రో థయోఫినాలు అజో సమ్మేళనముగా మారుటను కనిపెట్టినారు. చర్యను నడుపుటకు 532 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతి, కేవలము చూచుటకు 633 నానోమీటర్ల ఎర్ర కాంతి వాడినారు. ఎర్ర కాంతి ఒక్కటే ఉన్నప్పుడు వర్ణపటము మారలేదు. ఆకుపచ్చ కాంతి తగిలిన తరువాతనే మారినది. చూచు చేతిని, చేయు చేతిని వేరుపరచుట అనగా ఇదియే.

పసుపు రంగు చెప్పు పాఠము

ఇవన్నియు పెద్ద పరిశోధనశాలల సంగతులని ఉపాధ్యాయులు అనుకొనవచ్చును. కాని ఇదే చిక్కు కళాశాల ప్రయోగశాలలోను ఉన్నది. పారా నైట్రోఫినాలును సోడియం బోరోహైడ్రైడుతో కలిపినచో ద్రావణము చిక్కని పసుపు రంగులో ఉండును. బంగారము గాని వెండి గాని నానోకణములు వేసినచో రంగు క్రమముగా విరిగిపోవును. 400 నానోమీటర్ల వద్ద కాంతి శోషణము తగ్గును, 300 వద్ద కొత్తగా పెరుగును. అమినోఫినాలు పుట్టినదని అర్థము. ఖరగ్‌పూరులోని ఐ.ఐ.టి.లో తరసంకర్ పాల్ బృందము 2001లో ప్రకటించిన పని ఈ చర్యకు ప్రచారము తెచ్చిన తొలి పనులలో ఒకటి. చవకైనది, కంటికి కనిపించునది, కొత్త నానోకణము తయారుచేసిన ప్రతివారును దీనినే పరీక్షగా పెట్టుచున్నారు.

ఇందులో వర్ణపటము చూచుచున్నది ద్రావణమును, ఉపరితలమును కాదు. సీసాలో ఎంత పసుపు మిగిలినదో అది చెప్పును. కణముపై ఏ మెట్టు ఏ క్రమములో జరిగినదో చెప్పదు. పైగా అనేక ప్రయోగములలో మొదట కొంతసేపు రంగు ఏమాత్రము తగ్గదు. ఆ విరామములో కణముల ఉపరితలము కొత్తగా సర్దుకొనుచున్నదని కొందరు వివరించినారు. నీటిలో కరిగియున్న ఆమ్లజని ఆ విరామమునకు కారణమని 2016లో ప్రకటితమైన ఒక పరిశీలన చూపినది. ఒకే గీతకు రెండు కథలు సరిపోయినవి. నీటినుండి ఆమ్లజనిని తొలగించి చూచినగాని ఏ కథ ఎంతవరకు నిజమో తేలదు. వర్ణపటమును ఎంతసేపు తేరిపార చూచినను తేలదు.

మంచి సాక్ష్యమునకు లక్షణములు

దోషములనే లెక్కించి విడుచుట విమర్శ కాదు. ఉపరితల పరీక్ష ఎట్లుండవలెనో చూపిన పని కూడ ఉన్నది. గాలిలోని నత్రజని నుండి అమ్మోనియాను చేయు విధానమును హేబర్ 1909లో ప్రదర్శించినాడు. అందులో ఇనుప ఉత్ప్రేరకము ఎట్లు పనిచేయునో దశాబ్దములపాటు వాదములు సాగినవి. నత్రజని అణువు ముందే రెండు ముక్కలగునా? లేక అణువుగా ఉండగనే ఉదజని చేరునా? జర్మనీ శాస్త్రజ్ఞుడు గెర్హార్డ్ ఎర్టల్, ఆయన సహచరులు ఎలక్ట్రాన్ వర్ణపట పద్ధతులతో ఇనుముపై విడి నత్రజని పరమాణువులను చూచినారు. అంతటితో ఆగలేదు. ఉదజనిని ఎక్కువ చేసినప్పుడు ఆ పరమాణువులు ఏమగునో కొలిచినారు. అవి తగ్గిపోయినవి. అనగా ఉదజని వాటిని తినివేయుచున్నది. అవి చర్యలో పాలుపంచుకొను నిజమైన మెట్టు. అవి పుట్టుటయే నెమ్మదిగా జరుగు పని. ఎర్టల్‌కు 2007లో నోబెల్ బహుమానము లభించుటకు ఇట్టి శ్రద్ధయే కారణము.

పై ఉదాహరణములను కలిపి చూచినచో వర్ణపట సాక్ష్యమును అడుగవలసిన ప్రశ్నలు నాలుగు తేలును. మొదటిది, గీత వేసిన పదార్థము తగ్గు వేగము, ఫలిత పదార్థము పుట్టు వేగము పొందుచున్నవా? రెండవది, ఆ పదార్థము లేకుండ చేసినను చర్య అదే వేగముతో సాగునా? సాగినచో అది ప్రేక్షకురాలే. మూడవది, గీత నిజముగా ఆ పదార్థమునకే చెందినదా? ఇందుకు ఐసోటోపులు సాయపడును. కార్బన్ మోనాక్సైడులో 12 భారము గల కర్బనమునకు బదులు 13 భారము గలదానిని పెట్టినచో 2,143 వద్ద గీత సుమారు 2,095కు జరుగును. బరువు పెరిగిన బంతి నెమ్మదిగా ఊగును. కర్బనము లేని బంధపు గీత ఇట్లు జరుగదు. నాలుగవది, కాంతి బలమును సగము చేసినచో, లేక రంగును మార్చినచో, చూచినది మారునా? మారినచో చూపే చర్యలో పాలుగొన్నదని అనుమానింపవలెను.

ఈ ప్రశ్నలకు ఖరీదైన పరికరములు అన్ని వేళల అక్కరలేదు. ఇథిలిడైను విషయమున గాని, పసుపు ద్రావణము విషయమున గాని కావలసినది, ఒక అంశమును మార్చి రెండవ సారి కొలుచు ఓపిక. పరికరము సున్నితమైన కొలది గీతలు ఎక్కువగును. గీతలు ఎక్కువైన కొలది కథలు అల్లుటకు వీలు ఎక్కువగును. కనుక పరికరము మెరుగైనప్పుడెల్లా విమర్శకు పని తగ్గదు, పెరుగును.

ఉపాధ్యాయుడు ఉత్ప్రేరణపు బొమ్మను నల్లబల్లపై గీయునప్పుడు ఒక్క మాట చేర్చినచో చాలును. ఈ బొమ్మలోని ఏ మెట్టును చూచినారు, ఏ మెట్టును ఊహించినారు, ఊహను ఎట్లు పరీక్షించినారు అని. పసుపు ద్రావణము ప్రయోగము చేయించు చోట, కణములు వేయని సీసాను ఒకటి పక్కన ఉంచవలెను. నీటిని ముందుగా కాచి చల్లార్చి, కరిగిన గాలిని చాలవరకు పోగొట్టి, మరొక సీసా కూడ పెట్టవలెను. రంగు తగ్గుట ఎప్పుడు మొదలైనదో మూడింటిలోను వ్రాసికొన్న విద్యార్థికి, గీత వేరు, కారణము వేరు అని వేరుగా బోధించనక్కరలేదు.

డోబరైనర్ ప్లాటినముపై మంట లేచి రెండు వందల ఏండ్లు దాటినవి. ఆ మంట లేచిన యేనా నగరపు శాస్త్రజ్ఞులే సూదిమొన క్రింద కొన్ని అణువులు మారుటను రెండు రంగుల కాంతితో విడదీసి చూడగలిగినారు. ఈ నడుమ కాలములో చూచు శక్తి కోట్ల రెట్లు పెరిగినది. చూచినదానిని నమ్ముటకు ముందు అడుగవలసిన ప్రశ్న మాత్రము మారలేదు. అక్కడ ఉన్నది నిజమే, పనిచేసినది అదేనా?